కారు ఎక్కడుందో తెలియడం వేరు, మళ్లీ చేతికి రావడం వేరు

కారుకి ట్రాకర్ పెట్టించేశాం, ఇంక దొంగతనం గురించి ఆలోచించక్కర్లేదు అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ నమ్మకం ఎందుకొస్తుందో కూడా అర్థమవుతుంది, యాప్ ఓపెన్ చేస్తే మన బండి మ్యాప్ మీద కదులుతూ కనిపిస్తుంది కదా, ఎవడు తీసుకెళ్తే మాత్రం ఎక్కడికి పోతాడు అనిపిస్తుంది. కానీ ఆ చుక్క కనిపించడానికీ కారు తిరిగి మన చేతికి రావడానికీ మధ్యలో చాలా జరగాలి. ముందు దొంగతనం జరిగిందని ఎవరికో ఒకరికి తెలియాలి, కారు తను ఎక్కడుందో లెక్క కట్టుకోవాలి, ఆ లెక్కని బయటికి పంపగలగాలి, అందుకునేవాళ్లు మెలకువగా ఉండాలి, వాళ్లు పోలీసులకి చెప్పాలి, పోలీసులు టైమ్‌కి వెళ్లాలి. వీటిలో ఒక్కటి తెగినా మిగతావి ఎంత బాగున్నా లాభం లేదు. కొనేటప్పుడు మనకి చూపించేది మాత్రం మధ్యలో ఉన్న ఒక్క ముక్కే, లొకేషన్ ఎంత కరెక్ట్‌గా వస్తుందో అన్నది. నిజానికి ఈ మొత్తంలో అన్నిటికంటే ఈజీగా పరిష్కారమైపోయిన భాగం అదే.

దొంగతనం జరిగిందని తెలియడం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఇప్పటి దొంగతనాలకి చప్పుడు ఉండట్లేదు. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు, అంటే తాళంలో ఉన్న చిప్‌ని కారు గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, దాంతో వైర్లు కలిపి బండి లేపుకుపోయే పాత పద్ధతికి చాలావరకు దారి మూసుకుపోయింది. అది లేకపోతే ఏమవుతుందో అమెరికాలో 2021, 2022ల్లో కనిపించింది, ఇమ్మొబిలైజర్ లేని కొన్ని కియా, హ్యుందాయ్ మోడల్స్‌ని ఎలా స్టార్ట్ చేయాలో చూపించే వీడియోలు టిక్‌టాక్‌లో తిరిగి ఆ కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగిపోయాయి.

ఇమ్మొబిలైజర్ ఉన్న కార్లకి దొంగలు వేరే దారులు వెతుక్కున్నారు. కీలెస్ కారు, అంటే తాళం జేబులోంచి తీయకుండానే తెరుచుకునే కారు ఎలా పనిచేస్తుందంటే, మీరు డోర్ హ్యాండిల్ ముట్టుకోగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక బలహీనమైన సిగ్నల్ వదులుతుంది, అది మీటరో రెండు మీటర్లో మాత్రమే వెళ్తుంది, జేబులో ఉన్న ఫాబ్, అంటే చిన్న రిమోట్ లాంటి తాళం, దాన్ని విని 433 లేదా 315 మెగాహెర్ట్జ్ మీద జవాబు ఇస్తుంది, కారు తెరుచుకుంటుంది. ఇందులో ఒక ఊహ ఉంది, జవాబు వచ్చిందంటే తాళం పక్కనే ఉన్నట్టు అని. దొంగలు ఇద్దరు వచ్చి ఒకడు కారు దగ్గర, ఇంకొకడు ఇంటి తలుపు దగ్గర ఒక్కో పెట్టె పట్టుకుని నిలబడి ఆ బలహీనమైన సిగ్నల్‌ని దూరానికి మోసుకెళ్తారు, లోపల గోడకి తగిలించిన ఫాబ్ పక్కనే ఉన్నట్టు కారు నమ్మేస్తుంది. దీన్నే రిలే ఎటాక్ అంటారు.

ఇంకో పద్ధతిలో తాళం జోలికే వెళ్లరు. 2022లో లండన్‌లో ఇయాన్ టేబర్ అనే సెక్యూరిటీ రీసెర్చర్ సొంత టొయోటా రావ్4 బంపర్ లాగేసి, హెడ్‌లైట్ వైర్లు ఊడదీసి ఉండటం ఆయన గమనించారు, ఎవరో ఆకతాయి పని అనుకున్నారు, తర్వాత కొన్ని రోజులకి కారే మాయమైంది. ఆయన, కెన్ టిండెల్ అనే ఇంజనీర్ కలిసి తవ్వితే తేలిందేంటంటే, హెడ్‌లైట్ దాకా వచ్చే క్యాన్ బస్ అనే డేటా లైన్‌కి, పైకి బ్లూటూత్ స్పీకర్‌లా కనిపించే ఒక డబ్బా తగిలించి, సరైన తాళం దొరికింది అనే మెసేజ్‌ని దొంగలే కారు నెట్‌వర్క్‌లోకి పంపిస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో ఆ వివరాలన్నీ బయటపెట్టారు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఈ రెండు పద్ధతుల్లోనూ కారు దృష్టిలో అసలు దొంగతనమే జరగలేదు, తాళంతో ఓనర్ వచ్చి స్టార్ట్ చేసుకుని వెళ్లినట్టే లెక్క. అలారం మోగదు. మామూలు ట్రాకర్ కూడా దీన్ని రోజూ జరిగే ప్రయాణం కిందే రాసుకుంటుంది, పొద్దున మీరు లేచి పార్కింగ్ ఖాళీగా చూసేదాకా ఎవరికీ తెలియదు, అప్పటికి ఆరేడు గంటలు అయిపోయి ఉంటాయి. అందుకే బ్రిటన్‌లో థాచమ్ రీసెర్చ్ అనే సంస్థ ట్రాకర్లని గ్రేడ్ చేసేటప్పుడు ఎస్5, ఎస్7 అని రెండు తరగతులు పెట్టింది, ఎస్5లో డ్రైవర్ దగ్గర కారు తాళం కాకుండా ఇంకో చిన్న ట్యాగ్ ఉండాలి, ఆ ట్యాగ్ లేకుండా కారు కదిలితే కంట్రోల్ రూమ్‌కి వెంటనే అలర్ట్ వెళ్తుంది. ఏ బ్రాండ్ కొన్నా సరే ఈ డ్రైవర్ ట్యాగ్ ఉందా లేదా అని అడగండి. పనికొచ్చే సిస్టమ్‌కీ ఉత్తి మ్యాప్‌కీ తేడా నా దృష్టిలో ఇక్కడే మొదలవుతుంది. ఆ ట్యాగ్‌ని కారు తాళంతో ఒకే రింగ్‌కి తగిలించకూడదని వేరే చెప్పక్కర్లేదు, తాళంతో పాటు అదీ పోతే దానికి అర్థమే లేదు.

ఇంక లొకేషన్. జీపీఎస్ శాటిలైట్ మన కారుని చూస్తోంది అని చాలామంది అనుకుంటారు, కాదు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఆ శాటిలైట్లు టైమ్‌ని, తాము ఎక్కడున్నామన్నదాన్ని ప్రసారం చేస్తూ పోతాయి, అంతే. కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే రిసీవర్ తన చోటుని తనే లెక్కేసుకుంటుంది. రేడియో పెట్టుకుని పాటలు వినేవాడు ఎక్కడున్నాడో స్టేషన్‌కి ఎలా తెలియదో, మన కారు ఎక్కడుందో శాటిలైట్‌కీ అలాగే తెలియదు. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్‌లో ఉండే రిసీవర్ కూడా ఐదు మీటర్ల దగ్గర్లో చెప్పేస్తుంది. ఇబ్బంది ఏంటంటే అంత దూరం నుంచి వచ్చేసరికి ఆ సిగ్నల్ చాలా చాలా సన్నబడిపోతుంది, బేస్‌మెంట్ పార్కింగ్, ఇనుప షెడ్డు, షిప్పింగ్ కంటైనర్ లాంటి చోట్ల దాదాపుగా అందదు. అలాంటప్పుడు మంచి ట్రాకర్ యూనిట్లు దగ్గర్లోని మొబైల్ టవర్లు, వైఫై రూటర్ల ఆధారంగా ఒక అంచనా వేసుకుంటాయి, అది వందల మీటర్లు తేడా రావచ్చు, అసలేమీ లేకపోవడం కంటే నయం.

లొకేషన్ లెక్క తేలాక దాన్ని బయటికి పంపాలి, దొంగలు దెబ్బ కొట్టేది ఎక్కువగా ఇక్కడే. ట్రాకర్ లోపల ఒక సిమ్ ఉంటుంది, మొబైల్ నెట్‌వర్క్ మీద కంపెనీ సర్వర్‌కి డేటా పంపుతుంది. జామర్ అనేది జీపీఎస్ సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీ, అంటే 1575.42 మెగాహెర్ట్జ్ మీద, దాంతోపాటు మొబైల్ బ్యాండ్ల మీద కూడా పెద్దగా గోల చేస్తుంది, అసలు సిగ్నల్ అంత సన్నది కాబట్టి చిన్న జామర్ చాలు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునేంత సైజులో ఉంటాయి. అమెరికాతో సహా చాలా దేశాల్లో వీటిని వాడటం నేరం, ఎందుకంటే గోల కారు దగ్గరే ఆగదు. 2012లో ఒకతను ట్రక్కులో జామర్ పెట్టుకుని న్యూఆర్క్ ఎయిర్‌పోర్ట్ పక్కగా వెళ్తే అక్కడి విమానాల ల్యాండింగ్‌కి సాయం చేసే సిస్టమ్ దెబ్బతింది, తర్వాతి ఏడాది అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ అతనికి దాదాపు 32,000 డాలర్ల ఫైన్ ప్రకటించింది.

జామర్‌ని ఏ మామూలు ట్రాకరూ గెలవలేదు, కానీ అది పనిచేస్తున్నప్పుడు ట్రాకర్ ఎలా ప్రవర్తిస్తుందన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఒక రకం యూనిట్ సిగ్నల్ పోయిందని గమ్మున ఉండిపోతుంది, సర్వర్ కూడా గమ్మునే ఉంటుంది, యాప్‌లో చివరి లొకేషన్ అలాగే కనిపిస్తుంటే మన కారు ఇంకా పార్కింగ్‌లోనే ఉందనుకుంటాం. ఇంకో రకం జామింగ్‌ని గుర్తుపట్టి ఆ క్షణం దాకా ఉన్న లొకేషన్లు లోపల దాచిపెట్టుకుని నెట్‌వర్క్ దొరకగానే మొత్తం పంపిస్తుంది, పైగా సర్వర్ వైపు కూడా ఇంత టైమ్‌లో ఈ కారు నుంచి పలకరింపు రాలేదేంటి అని చూసుకుని నిశ్శబ్దాన్నే అలర్ట్ కింద తీసుకుంటారు. కొనేముందు ఈ ప్రశ్న సూటిగా అడగాలి, సిగ్నల్ ఆగిపోతే మీరు నాకు ఫోన్ చేస్తారా, ఎన్ని నిమిషాలకి చేస్తారు అని. ఎంత తరచుగా లొకేషన్ పంపుతుందో కూడా అడగండి, ఐదు నిమిషాలకోసారి అంటే గంటకి 60 కిలోమీటర్ల స్పీడ్‌లో రెండు అప్‌డేట్ల మధ్య కారు 5 కిలోమీటర్లు వెళ్లిపోతుంది.

సిమ్ విషయంలో ఇంకోటి ఉంది, ఎవరూ పట్టించుకోరు. మొబైల్ నెట్‌వర్క్‌లకి వయసైపోతుంది. అమెరికాలో 2008లో పాత అనలాగ్ నెట్‌వర్క్ తీసేసినప్పుడు దాని మీద నడిచే, జనరల్ మోటార్స్ వాళ్ల ఆన్‌స్టార్ సర్వీస్ ఉన్న కార్లు కనెక్షన్ కోల్పోయాయి, 2022లో ఏటీ అండ్ టీ అనే మొబైల్ కంపెనీ 3జీ ఆపేసినప్పుడు మళ్లీ ఇలాగే జరిగింది, కారు బాగానే ఉంటుంది కానీ లోపలి మోడెమ్ మాట్లాడే భాష వినేవాళ్లు ఇంక ఉండరు. కాబట్టి ఇప్పుడు 2జీ, 3జీ మాత్రమే తెలిసిన యూనిట్ తీసుకోవడం అనవసరం. పాతది ఉన్నవాళ్లు అది ఇంకా రిపోర్ట్ చేస్తోందో లేదో ఈరోజే చూసుకోండి.

జీపీఎస్, సిమ్ రెండూ లేకుండా పనిచేసే పాత పద్ధతి ఒకటుంది, నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చేది అదే. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో లోజాక్ అనే సిస్టమ్ మొదలైంది, అది కారులో దాచిపెట్టిన ఒక చిన్న రేడియో. మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. కారు పోయిందని ఓనర్ పోలీస్ కంప్లైంట్ ఇవ్వగానే ఆ కారు నంబర్ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది, పోలీస్ రేడియో టవర్ల నుంచి ఆ యూనిట్‌కి లేవమని కోడ్ వెళ్తుంది, అది 173.075 మెగాహెర్ట్జ్ మీద జవాబివ్వడం మొదలుపెడుతుంది, దగ్గర్లో తిరుగుతున్న పోలీస్ కార్లలో ఉన్న రిసీవర్ ఏ దిక్కు నుంచి వస్తోందో, ఎంత బలంగా వస్తోందో చూపిస్తే వాళ్లు ఆ దిక్కుకి వెళ్తూ వెళ్తూ దాని మీదకే చేరతారు. మ్యాప్ లేదు, చుక్క లేదు. జీపీఎస్ తరంగం పొడవు 19 సెంటీమీటర్లు అయితే దీనిది 1.7 మీటర్లు, కాబట్టి గోడలు, గరాజులు, సగం మూసిన చోట్ల నుంచి ఇది మెరుగ్గా బయటపడుతుంది. దగ్గరికొచ్చేకొద్దీ ఇంకా కచ్చితంగా చెప్తుంది కూడా, జీపీఎస్ బిల్డింగ్ దాకా తీసుకెళ్లి ఆగిపోతే ఇది ఏ గరాజో, కొన్నిసార్లు ఏ కంటైనరో చూపించగలదు. బ్రిటన్‌లో 1993లో మొదలైన ట్రాకర్ అనే కంపెనీ కూడా ఇదే టెక్నాలజీ తెచ్చుకుంది. లోపం ఏంటంటే కొన్ని కిలోమీటర్ల లోపల రిసీవర్ ఉన్న బండి తిరుగుతూ ఉండాలి, అంటే పోలీసులతో ఒప్పందం లేని చోట ఇది పనికిరాదు.

లోజాక్ మీద 1998లో ఇయాన్ అయర్స్, స్టీవెన్ లెవిట్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం ఉంది. ఈ రేడియో ఉన్న కారు మీద స్టిక్కర్ ఉండదు, బయటి నుంచి చూస్తే ఏ కారులో ఉందో దొంగకి తెలియదు. స్టీరింగ్ లాక్ లాంటివి కళ్లకి కనిపిస్తాయి, దొంగ దాన్ని చూసి పక్క కారుకి వెళ్తాడు, మన నష్టం పక్కవాళ్లకి మారుతుందంతే. దాచిపెట్టిన ట్రాకర్ అలా కాదు, ఏ కారులో ఉందో తెలియదు కాబట్టి మొత్తం ఊళ్లోనే దొంగతనం రిస్క్ అయిపోతుంది. పెద్ద నగరాల్లో మూడు లోజాక్‌లు పెడితే ఏడాదికి ఒక దొంగతనం తగ్గిందని వాళ్లు లెక్క తేల్చారు, ఆ లాభంలో డబ్బు పెట్టి కొన్న ఓనర్‌కి దక్కేది పది శాతం కంటే తక్కువ, మిగతాదంతా అది పెట్టించుకోని చుట్టుపక్కల వాళ్లకి. ట్రాకర్ పెట్టించుకునే ప్రతి ఒక్కరూ తెలియకుండానే పక్కింటివాళ్ల కారుని కూడా కాపాడుతున్నారన్నమాట.

యాపిల్ వాళ్ల ఎయిర్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ ట్యాగులు 2021 నుంచి కార్లలో కూడా దాస్తున్నారు, 2023లో న్యూయార్క్ మేయర్ 500 ట్యాగులు జనానికి పంచుతామని ప్రకటించారు కూడా. ఇవి చిన్నవి, కాయిన్ బ్యాటరీ మీద ఏడాది దాకా నడుస్తాయి, సిమ్ అక్కర్లేదు, చుట్టుపక్కల నడిచివెళ్లే ఐఫోన్లే దాని లొకేషన్ చెప్తాయి. మనుషులు లేని చోట మాత్రం చెప్పేవాళ్లు ఉండరు. అంతకంటే ముఖ్యమైంది, ఎవరికీ తెలియకుండా మనుషుల్ని వెంబడించడానికి వాడకూడదని పెట్టిన రక్షణ దొంగకి కూడా పనిచేస్తుంది, తెలియని ట్యాగ్ నీతో ప్రయాణిస్తోంది అని అతని ఫోన్ చెప్పేస్తుంది. 2024 మే నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ ఒకదాని ట్యాగుల్ని ఒకటి ఇలా పట్టుకుంటున్నాయి. ఆ హెచ్చరిక తీసేయాలని, స్పీకర్ పీకేయాలని సలహాలిచ్చేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను, ఆ హెచ్చరిక వల్ల కాపాడబడేది మనుషులు, మనం పోగొట్టుకునేది ఒక వస్తువు. రెండో వరసలో బ్యాకప్‌గా ట్యాగ్ మంచిదే. దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

ఫిట్టింగ్ గురించి రెండు ముక్కలు. డ్యాష్‌బోర్డ్ కింద ఓబీడీ పోర్ట్‌లో, అంటే మెకానిక్ కారుని చెక్ చేయడానికి వాడే సాకెట్‌లో గుచ్చే ట్రాకర్ డ్రైవింగ్ రికార్డుకి బాగుంటుంది, దొంగతనానికి కాదు, అక్కడ చెయ్యి పెట్టి లాగేయడానికి రెండు సెకన్లు చాలు. దాచే చోటు ప్రతి కారుకీ వేరుగా ఉండాలి, ఒక మోడల్‌కి ఎప్పుడూ ఒకే చోట పెట్టే ఇన్‌స్టాలర్ పని దొంగలకి కూడా తెలిసిపోతుంది. లోపల సొంత బ్యాటరీ ఉండాలి, కారు బ్యాటరీ తీసేసినా అలర్ట్ పంపేంత. కారు ఆగి ఉన్నప్పుడు యూనిట్ సరిగ్గా నిద్రపోవాలి, 20 మిల్లీయాంప్స్ లాగుతూ ఉంటే నెలకి 14 యాంపియర్ అవర్స్ పైనే పోతుంది, నెలల తరబడి బయటికి తీయని కారు స్టార్ట్ అవ్వకపోవడానికి అదొక్కటే చాలు.

ఇంజిన్ దూరం నుంచి ఆపేయడం అనే ఫీచర్ అందరికీ నచ్చుతుంది, నాకు మాత్రం కొంచెం భయం. దీన్ని జాగ్రత్తగా చేసిన ఉదాహరణ ఆన్‌స్టార్‌ది, 2009 మోడల్స్ నుంచి జనరల్ మోటార్స్ తెచ్చిన పద్ధతిలో పోలీసులు కారుని కళ్లారా చూసి, చుట్టూ పరిస్థితి బాగుందని చెప్పాకే పవర్ మెల్లగా తగ్గించి కారుని ఆపుతారు. చవకగా దొరికే రిలేలు, అంటే కరెంటు స్విచ్‌లు, ఫ్యుయల్ పంప్ సప్లై కట్ చేస్తాయి, హైవే మీద స్పీడ్‌లో ఉండగా అలా జరిగితే వెనక వచ్చేవాళ్ల ప్రాణాలకి ముప్పు. పెట్టించుకోవాలనుకుంటే ఒకసారి ఆగిన తర్వాత మళ్లీ స్టార్ట్ అవ్వకుండా చేసే రకమే పెట్టించుకోండి. ఇంకో కోణం, ఇంజిన్ ఆపే శక్తి ఉన్న డబ్బాని ఇంకెవరైనా స్వాధీనం చేసుకుంటే? 2022లో బిట్‌సైట్ అనే సంస్థ మైకోడస్ ఎంవీ720 అనే ట్రాకర్‌లో ఆరు లోపాలు కనిపెట్టింది, ఫ్యాక్టరీలోనే పెట్టేసిన ఒక మాస్టర్ పాస్‌వర్డ్‌తో ఎవరైనా లొకేషన్ చూడొచ్చు, ఫ్యుయల్ కూడా కట్ చేయొచ్చు, ఆ కంపెనీ యూనిట్లు 169 దేశాల్లో 15 లక్షల దాకా వాడకంలో ఉన్నాయని అప్పట్లో చెప్పారు. 123456 అనే డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఎవరూ మార్చకుండా వదిలేయడం కూడా అందులో ఒక భాగం. మీది ఏ కంపెనీదైనా ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి.

ఇంక చివరి అంచె, మనుషులు. నేను ఎక్కువ బరువు పెట్టేది దీని మీదే. రాత్రి మూడింటికి కారు కదిలితే మీ ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది, యాప్ నోటిఫికేషన్ వచ్చి పడి ఉంటుంది. 24 గంటలు మనుషులు కూర్చుని చూసే కంట్రోల్ రూమ్ ఉంటే వాళ్లు మీకు ఫోన్ చేసి, మీరు కాదని నిర్ధారించుకుని, కంప్లైంట్ నంబర్ తీసుకుని నేరుగా పోలీసులతో మాట్లాడతారు. ఇది లేకపోతే ఆ పనంతా నిద్రమత్తులో మీరే చేయాలి. టైమ్ ఇక్కడ చాలా విలువైంది, కొందరు దొంగలు కారుని తీసుకెళ్లి మామూలు వీధిలో ఒకటి రెండు రోజులు వదిలేసి ఎవరైనా వెతుక్కుంటూ వస్తారా అని చూస్తారు, ఎవరూ రాకపోతే అప్పుడు పార్టులు విప్పడానికో, కంటైనర్ ఎక్కించడానికో తీసుకెళ్తారు. కారు తిరిగి దొరికే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ మధ్య టైమ్‌లోనే.

సబ్‌స్క్రిప్షన్ అయిపోయిన సర్వీస్ ఆ టైమ్‌లో ఏం చేస్తుందో కూడా తెలుసుకోవాలి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఒక ఫోక్స్‌వ్యాగన్ కారుని లోపల రెండేళ్ల బాబు ఉండగానే దొంగలు ఎత్తుకెళ్లారు, పోలీసులు లొకేషన్ అడిగితే ట్రయల్ పీరియడ్ అయిపోయింది, 150 డాలర్లు కడితేనే ఆన్ చేస్తాం అని సర్వీస్ వాళ్ల నుంచి జవాబు వచ్చింది. బాబు క్షేమంగా దొరికాడు, అది తమ పద్ధతికి విరుద్ధంగా జరిగిందని కంపెనీ తర్వాత చెప్పింది. కారుతో వచ్చిన ఫ్రీ సర్వీస్ ఏ తేదీతో అయిపోతుందో, పోలీసులు నేరుగా అడిగితే ఇస్తారా లేదా అన్నది ముందే రాతలో తీసుకోవడం అవసరం.

చుక్క కనిపిస్తోంది కదా అని మీరే బయల్దేరి వెళ్లకండి, ఇది గట్టిగా చెప్తున్నా. అక్కడ ఎంతమంది ఉన్నారో, వాళ్ల చేతుల్లో ఏముందో మీకు తెలియదు. పైగా చుక్క ఒక ఇంటి మీద ఉంటే కారు పక్కింటి షెడ్డులో ఉండొచ్చు, బహుళ అంతస్తుల పార్కింగ్‌లో ఏ ఫ్లోరో మ్యాప్ చెప్పదు, తప్పు తలుపు కొడితే అవతలి కుటుంబానికి కూడా ప్రమాదమే. పోలీస్ కంప్లైంట్ ముందు, లైవ్ లింక్ వాళ్లకి షేర్ చేయడం తర్వాత. రిజిస్ట్రేషన్ నంబర్, ఛాసిస్ నంబర్, ట్రాకర్ ఐడీ, కంట్రోల్ రూమ్ నంబర్ ఇవన్నీ కారులో కాకుండా ఫోన్‌లో ఒక చోట రాసి ఉంచండి, ఆ అరగంటలో వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

కారు దొరికాక కూడా వెంటనే లోపల చెయ్యి పెట్టకండి, వేలిముద్రలు, ఫోటోలు పోలీసులు తీసుకోవాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పటికే సెటిల్ అయిపోయి ఉంటే సాధారణంగా ఆ కారు మీద హక్కు కంపెనీకి వెళ్లిపోతుంది, దొరికింది కదా అని మీరు తెచ్చేసుకోవడం కుదరదు, వాళ్లకి చెప్పాలి. కారు మీ దగ్గరికే తిరిగొస్తే తాళాలు, ఫాబ్‌లు మళ్లీ ప్రోగ్రామ్ చేయించండి, ట్రాకర్‌ని కొత్త చోటికి మార్పించండి, ఎందుకంటే ఎలా తీయాలో, ఎక్కడుందో తెలిసినవాడు రెండోసారి రావచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లయితే పాత ఓనర్ పేరు మీద ఉన్న యాప్ అకౌంట్ డిలీట్ చేయించి మీ పేరుకి మార్పించుకోండి, అది చేయనంత వరకు మీ కారు ఎక్కడ ఆగుతోందో మీరు ఎప్పుడూ చూడని ఒక మనిషి ఫోన్‌లో కనిపిస్తూనే ఉండొచ్చు.